ఆవు మెచ్చిన ఫంక్షన్ హాలు

2022 వేసవి. అత్తాపూర్‌లో మా ఆఫీసు ఉన్న బిల్డింగులో లిఫ్టు చెడిపోయింది. ఆ రోజు నాలుగు అంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ ఒకాయన వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. యాభై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, మెడలో తువ్వాల. గ్లాసెడు మంచినీళ్ళు తాగి, గోడలకు అంటించిన డ్రాయింగులన్నీ తీరిగ్గా చూసి, "ఒట్టి ఇండ్లేనా మేడం, హాళ్ళు గూడ జేస్తరా?" అని అడిగాడు.

నేను ఆర్కిటెక్టుని. బిల్డింగు కట్టేది మేస్త్రీలు, బరువుల లెక్క చూసేది ఇంజనీరు. గోడ ఎక్కడ రావాలి, ఎక్కడ రాకూడదు అని అందరితో పోట్లాడేది నేను. మావాళ్ళది తెనాలి వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే హైదరాబాదు వచ్చేశాం. ఇన్నేళ్ళయినా నా నోట్లోంచి 'అండీ' పోలేదు, ముక్కు మీద కోపమూ పోలేదు. రెండూ ఒకే వాక్యంలో వాడగలను అని మా ఆఫీసులో నాకు పేరు.

"హాళ్ళు కూడా చేస్తామండీ. ఎలాంటి హాలు?" అన్నాను.

"మల్టీ పర్పస్," అన్నాడాయన గర్వంగా.

మా వృత్తిలో ఈ మాటకు ఒక అర్థం ఉంది. పొద్దున కంపెనీ మీటింగు, సాయంత్రం రిసెప్షన్, మర్నాడు చీరల ఎగ్జిబిషన్. కుర్చీలు జరిపితే చాలు, హాలు వేషం మారిపోవాలి. నేను పెన్ను తీసి, ఏమేం జరుగుతాయో చెప్పమన్నాను. ఆయన వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాడు.

"పెండ్లి. ఎంగేజ్‌మెంటు. హాఫ్ శారీ. పిల్లల తొట్టెల. రైతుల మీటింగు. దినాలు."

"దినాలంటే?"

"మనిషి పోతే పదకొండో దినం జేసి బంతి పెడ్తరు గద మేడం. అది."

నా పెన్ను ఆగిపోయింది. పెళ్ళిళ్ళు చేసే హాలులో దినం భోజనాలు పెట్టడం నేనెక్కడా వినలేదు. ఒకసారి పెడితే ఇక ఆ హాలుకు పెళ్ళివాళ్ళు రారని యజమానుల భయం. ఈయన ఆ రెంటినీ ఒకే శ్వాసలో చెప్పి, ఇంకో గ్లాసు నీళ్ళు అడిగాడు.

ఆయన పేరు యాదగిరి. శంషాబాద్‌లో టెంట్ హౌస్ ఉంది. అంటే షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిచ్చే దుకాణం. ఫంక్షన్ హాళ్ళు వచ్చాక టెంట్లకు గిరాకీ తగ్గింది. అందుకే కొత్వాల్‌గూడ దాటాక తమ ఊళ్ళో ఉన్న పొలంలో తనే ఒక హాలు కట్టాలనుకున్నాడు. బామ్మర్ది శేఖర్‌ది సగం వాటా.

ఆ ఆదివారం స్థలం చూడ్డానికి వెళ్ళాను. మూడు వైపులా జొన్నచేలు, ఒక వైపు రోడ్డు, మధ్యలో రాళ్ళు తేలిన ఎర్రనేల. అక్కడివాళ్ళ మాటతీరులో ఒక అలవాటు గమనించాను. విమానాశ్రయం పక్కనే కాబట్టి, విమానం తలమీదికి రాగానే మాట మధ్యలో ఆపేస్తారు, అది వెళ్ళిపోయాక ఆపిన అక్షరం దగ్గరే మొదలుపెడతారు. నాకు అది అలవాటు కాక, గంటసేపు నేనొక్కదాన్నే అరుస్తూ మాట్లాడాను.

శేఖర్‌కు మైలార్‌దేవ్‌పల్లిలో హార్డ్‌వేర్ షాపు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, ఫోనులో ఫొటోల మీద ఫొటోలు చూపించాడు.

"కన్వెన్షన్ అంటే కన్వెన్షన్ లెక్క కొట్టాలె మేడం. పైన డోమ్. లోపట మార్బుల్, మొహం కనవడాలె. షాండ్లియర్. కార్పెట్."

"దినాలకు కూడా షాండ్లియరేనా?" అన్నాను.

అంతే. ఇద్దరి ముఖాలూ మారిపోయాయి. ఆ గొడవ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచో నడుస్తోందని నాకేం తెలుసు.

శేఖర్ అవతల ఫోను మాట్లాడుతుంటే యాదగిరి నాకు సంగతి చెప్పాడు.

"మా నాయిన దినం నాడు వాన మేడం. పొద్దుగాల మొదలైంది, ఇగ ఇడ్వలే. ఎన్ని టెంట్లుంటే ఏంది, అన్నీ కారుడే. హాళ్ళోళ్ళను అడిగిన. అందరు ఎరుకైనోళ్ళే, నా కుర్చీలే వాళ్ళ హాళ్ళల్ల ఉన్నయి. పెండ్లికైతే ఇప్పుడే ఇస్తం, దినానికి వద్దు అన్నరు. ముసలోళ్ళు బురదల నిలవడి తిన్నరు. పల్లెంల వాన నీళ్ళు. మా అవ్వ ఒక్కొక్కరి దగ్గరికి పోయి చేతులు జోడిచ్చుకుంట తిరిగింది. గా రోజు సంది గామె నన్ను ఒక్క మాట అనలే. నేనే చెప్పిన, అవ్వా, హాలు కడ్త, ఎవ్వరినీ వాపస్ పంపని హాలు కడ్త అని. గామె ఏమనకపోవుడే నాకు..."

విమానం వచ్చింది. అది వెళ్ళిపోయాక కూడా ఆయన ఆ మాట పూర్తి చేయలేదు.

అవ్వ అంటే వాళ్ళ ఇంట్లో అమ్మ. పేరు బాలమ్మ. ఆమె ఆ రోజు చేను గట్టున తన ఆవు గౌరితో నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది గానీ దగ్గరకు రాలేదు.

శేఖర్ తిరిగొచ్చాక తన మాట తను చెప్పాడు. అతనిదీ తప్పనలేను.

"బావ బాధ నాకు తెల్వదా మేడం? కానీ దినాలైన హాల్ల పెండ్లి ఎవడు జేస్తడు? పెండ్లిళ్ళు రాకపోతే ఇద్దరం మునుగుతం. కావాలంటే వెనక ఒక షెడ్డు ఏద్దం. దినాలకు అది ఇస్తం."

"మా నాయిన దినం బురదల అయింది," అన్నాడు యాదగిరి. "ఇంకొగని నాయినది షెడ్ల కావాల్నా? షెడ్డుకైతే హాలెందుకు, నా టెంట్లే ఉన్నయి."

"అట్లయితే నా వాటా తీస్త."

శేఖర్ వాటా లేకపోతే పునాది కూడా లేవదు. అతను ఉంటే యాదగిరి తల్లికిచ్చిన మాట పోతుంది. నేను మధ్యలో అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

తర్వాత నెలల తరబడి ప్లాన్లు గీశాను. రెండు గేట్లతో ఒకటి గీస్తే, వెనక గేటు అంటే అలుసే గద అన్నాడు యాదగిరి. మధ్యలో జరిపే గోడ పెట్టి ఇంకొకటి గీస్తే, గోడవతల ఏం జరిగిందో జనానికి తెల్వదా అన్నాడు శేఖర్. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండు తలనొప్పులూ కలిపితే ఫంక్షన్ హాలవుతుందని వాళ్ళకు తట్టలేదు పాపం.

ఒక మధ్యాహ్నం నా ఓపిక అయిపోయింది. వేరే ఆర్కిటెక్టును చూసుకోండని ముఖం మీదే చెప్పేద్దామని వాళ్ళ ఊరికి వెళ్ళాను. యాదగిరి ఇంకా దుకాణం నుంచి రాలేదు. బాలమ్మ అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

"కోపం మీదున్నవ్ బిడ్డా," అంది.

"ఉన్నానండీ. మీ అబ్బాయి, శేఖర్ గారు కలిసి నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారు."

గొడవేమిటో మొదటి నుంచి చెప్పాను. ఆమె మొత్తం విని, నేను అడగరానిదేదో అడిగినట్టు చూసింది.

"ఇంట్ల మనిషి పోతే ఇల్లు ఇడిచిపెడ్తమా? దినాలు ఎల్లంగనే గోడ సంది గోడ దాంక కడుక్కుంటం. పసుపు నీళ్ళు జల్లుకుంటం. ఆవును తోల్కుంటం. మల్ల ఏడాదికి గదే ఇంట్ల పెండ్లి జేస్తం. ఈ అర్రల్నే మా అత్త పోయింది, ఈ అర్రల్నే యాదగిరి పుట్టిండు."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. నిజమే కదా. ఇంటికి లేని అంటు హాలుకెందుకొచ్చింది? ఇంటిని కడుగుతాం. హాలును కడగలేం. కార్పెట్లు తడపలేం, మెరుగు రాయి మీద నీళ్ళు పోస్తే నిలిచిపోతాయి, నాలుగు వైపులా గోడలు మూసి ఏసీలు పెడితే నిన్నటి గాలి ఇవాళ కూడా అక్కడే ఉంటుంది. నిన్న జరిగింది పూర్తిగా పోయిందని నమ్మడానికి మనిషి కంటికి ఏదీ కనిపించదు. అందుకే భయం.

నాకు కోపం వచ్చినంత త్వరగానే సంతోషమూ వస్తుంది. "ఎలా కడుగుతారో చూపించండి," అని లేచాను. ఆమె నవ్వుతూ ఆ అర్రకు, అంటే లోపలి గదికి తీసుకెళ్ళి, నీళ్ళు ఎక్కడ మొదలుపెట్టి ఎటు తోస్తారో, ఆవు ఏ గుమ్మంలోంచి వచ్చి ఎటు తిరిగి వెళ్తుందో చేత్తో చూపించింది. నేను వెనకే నడుస్తూ గీసుకున్నాను. వేరే ఆర్కిటెక్టు సంగతి ఎత్తకుండానే ఇంటికొచ్చేశాను.

ఆ వారంలోనే ప్లాను తయారైంది. ఒకే హాలు, ఒకే పెద్ద తూర్పు వాకిలి. అందరూ అందులోంచే. మధ్యలో స్తంభం ఉండదు. దీన్ని మేము క్లియర్ స్పాన్ అంటాం. ఇనుప కడ్డీలు త్రికోణాలుగా కూర్చిన ట్రస్సులు కప్పును ఈ చివర నుంచి ఆ చివర దాకా మోస్తాయి. నేలకు కంటికి తెలియనంత వాలు, రెండు అంచుల వెంట కాలువలు. ఎక్కడ బిందెడు నీళ్ళు పోసినా వాటంతటవే బయటి మొక్కల్లోకి పోవాలి. రెండు పొడుగు వైపులా మడిచే తలుపులు. అన్నీ తెరిస్తే జొన్నచేల మీది గాలి హాలులోంచి పోతుంది. మూసేస్తే ఏసీ కూడా వేసుకోవచ్చు. తలుపుల్లో, కప్పులో సౌండ్ ఇన్సులేషన్, అంటే విమానం మోతను మింగే దూది లాంటి పొర. వాకిలికి మెట్లు లేవు, మెల్లని ర్యాంపు. చక్రాల కుర్చీ వస్తుంది, బోనమెత్తుకున్న ఆడమనిషీ వస్తుంది, ఆవూ వస్తుంది.

డోమ్ విషయం నేను తేల్చక్కర్లేకపోయింది. విమానాశ్రయం పక్కన ఏది కట్టినా ఎత్తుకు అనుమతి తీసుకోవాలి. శేఖర్ అడిగిన డోమ్ ఆ ఎత్తు దాటిపోయింది. నేను లోలోపల విమానాలకు దండం పెట్టుకున్నాను.

ప్లాను చూసి శేఖర్ పెదవి విరిచాడు. "ఆవు నడిస్తే జనం నమ్ముతరా?"

గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న బాలమ్మ తలెత్తింది. "నువ్వు కొత్త ఫ్లాట్లకు పోయిన్నాడు ఏం నడిపిచ్చినవ్ శేఖరూ? మెట్లెక్కనని మొరాయిస్తే నలుగురు కలిసి తోసిండ్రు గద ఆవును. గప్పుడు నమ్మినవ్ గద."

శేఖర్ నెత్తిమీది కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అందరం నవ్వాం, అతనూ నవ్వాడు. కానీ వ్యాపారస్తుడు కదా, ఒక షరతు పెట్టాడు. "హాలు తెరిచినంక ఒక్క ఏడాది చూస్త అత్తమ్మ. దినాలైనంక పెండ్లిళ్ళు రాకపోతే, ఇగ దినాలు బంద్. బావ మల్ల మాట్లాడొద్దు." యాదగిరి తల్లి వైపు చూసి, సరే అన్నాడు. ఆ సరే ఆయనకెంత కష్టమైందో నాకు కనిపించింది.

ఇక నేల ఏ రాయితో వేయాలన్నది తేలాలి. ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను గానీ, ఆవుకు శాంపిల్స్ చూపించడం అదే మొదటిసారి. టెంట్ హౌస్ గోదాము ముందు షోరూము నుంచి తెచ్చిన రకాలన్నీ వరసగా పరిపించి, నీళ్ళు చల్లించాను. తడిలో జారకుండా పాదాన్ని పట్టుకునే గుణాన్ని ఫ్రిక్షన్ అంటాం. దానికి పరీక్షలు, యంత్రాలు ఉన్నాయి. నాకు గౌరి చాలనిపించింది.

షోరూము నుంచి వచ్చిన టై కట్టుకున్నాయన ఆవును చూసి, "ఎండ్ యూజర్ ఎవరు మేడం?" అని అడిగాడు. వాడుకునేది ఎవరని.

"వచ్చేస్తోంది," అన్నాను.

మొదట శేఖర్ ముచ్చటపడ్డ అద్దంలాంటి టైలు. గౌరి ఒక గిట్ట పెట్టింది, సర్రున జారింది, వెనక్కి తీసుకుని శేఖర్ వైపు చూసింది. "నన్నెందుకు జూస్తది," అని అతను పక్కకు తప్పుకున్నాడు. తర్వాత నల్ల గ్రానైటు. దాని దగ్గరికే పోలేదు. ఆ తర్వాత ఎవరో ఉచితంగా ఇచ్చిన ప్లాస్టిక్ గడ్డి తివాచీ. గౌరి ఎంతో ఆశగా వంగి నోటితో పట్టి లాగింది, రాకపోయేసరికి మా అందరి మీదా నమ్మకం పోయినట్టు ముఖం పెట్టింది. నవ్వు ఆపుకోలేక నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివర్న మెరుగు పెట్టని షాబాద్ బండ. దాని మీద నడిచింది, ఆగింది, నిలబడి నెమరు వేయడం మొదలుపెట్టింది. ఎంత లాగినా కదల్లేదు.

"ఇగ అయిపాయె," అన్నాడు యాదగిరి. "మేడం సంతకం అక్కర్లేదు, గౌరి సంతకం అయింది."

భూమిపూజ రోజున బాలమ్మ మళ్ళీ గట్టు మీదే నిలబడింది. భర్త పోయిన ఆడమనిషి శుభకార్యంలో ముందుకు రాకూడదని ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి చెయ్యి పట్టుకుని రమ్మన్నాను. "నీకు తెల్వది బిడ్డా, పో, నీ పని జూస్కో," అని నన్నే పంపించేసింది. నా ప్లానులో అందరికీ వాకిలి ఉంది, ఆమె మాత్రం ఎక్కడి నుంచీ రానంటోంది.

పని సాగింది. ట్రస్సులు లేచిన రోజు ఊరంతా వచ్చి చూసింది. బండలు పరిచే మేస్త్రీతో వాలు కోసం నేను పడ్డ గొడవలు ఇక్కడ రాయను, తల ప్రాణం తోకకొచ్చిందని మాత్రం చెప్తాను. మరుసటి ఏడాది చలికాలానికి హాలు పూర్తయింది. పొడుగాటి తక్కువ ఎత్తు కప్పు, ముందుకు సాగిన చూరు, రెండు వైపులా పచ్చని చేలు. రోడ్డు మీద పోయేవాళ్ళు బండి ఆపి చూసేవాళ్ళు. చూసి వెళ్ళిపోయేవాళ్ళు. బుకింగ్ మాత్రం ఒక్కటీ రాలేదు.

అంతలో ఆ ఊళ్ళో రాజయ్య తాత పోయాడు. బాగా పండిన వయసు. ఆయన కొడుకులు మొహమాటపడుతూ వచ్చి అడిగితే యాదగిరి మరో ఆలోచన లేకుండా తాళాలు తీసిచ్చాడు. శేఖర్ నాకు ఫోను చేశాడు. గొంతులో ప్రాణం లేదు.

"బోణీయే దినంతోని అయింది మేడం. ఏ దుకాణపోడన్న గిట్ల బోణీ జేస్తడా? నేను షరతు పెట్టిన గని, పెట్టకున్నా ఇగ హాలు ఖతమే."

నాకూ గుబులు పట్టుకుంది. దినం అయిన మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. స్నాగింగ్ అనే పని మిగిలి ఉంది. అంటే కట్టడం పూర్తయ్యాక ఎక్కడ రంగు లేచింది, ఏ తలుపు బిగుసుకుంది అని చూసి సరిచేయించడం. అది ఒక సాకు. నేల కడిగితే నీళ్ళు ఎలా పోతాయో చూడాలని నా ప్రాణం కొట్టుకుంటోంది.

నేను వెళ్ళేసరికి తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. యాదగిరి, ఆయన భార్య, పనివాళ్ళు చీపుర్లు పట్టుకుని గోడ నుంచి గోడ దాకా కడుగుతున్నారు. నీళ్ళు పల్చగా పరుచుకుని, రెండుగా చీలి, కాలువల్లో పడి, గలగలమంటూ బయటి అరటి మొక్కల్లోకి పోతున్నాయి. ఎక్కడా చుక్క నిలవలేదు. నాకు పట్టలేనంత ఆనందమేసింది. చెప్పులు విప్పి నేనూ ఒక చీపురు తీసుకున్నాను. తర్వాత పసుపు నీళ్ళు చల్లారు. ఇది పండగ కాదు, శుభకార్యమూ కాదు కాబట్టి బాలమ్మకు అభ్యంతరం లేదు. గౌరి తాడు పట్టుకుని తనే ర్యాంపు ఎక్కి లోపలికొచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. గగన్‌పహాడ్ నుంచి పెళ్ళివాళ్ళు, హాలు చూసుకోడానికి. పెళ్ళికూతురు తండ్రి, ఆయన తల్లి. శేఖర్ పరుగున ఎదురెళ్ళాడు. "జర ఆగుండ్రి, ముందుగాల పార్కింగ్ జూపిస్త, మస్తు జాగ ఉన్నది," అంటూ అటు మళ్ళించబోయాడు. ఆ ముసలావిడ అతన్ని చూడనట్టే దాటుకుని, ర్యాంపు ఎక్కి, వాకిట్లో నిలబడింది.

తడినేల. పసుపు వాసన. హాలు నడిమధ్యన, పెళ్ళయితే మండపం వేయాల్సిన చోట, గౌరి ఆగింది. తోకెత్తింది. శేఖర్ కళ్ళు మూసుకున్నాడు.

పేడ పడిన చప్పుడు ఆ ఖాళీ హాలులో చక్కగా వినిపించింది.

"నిన్న ఏమైంది ఈడ?" అని అడిగింది ముసలావిడ.

తలమీద విమానం. మేమందరం అలవాటుగా ఆగిపోయాం. అంతసేపూ శేఖర్ తల అడ్డంగా ఊపుతూ బావకు సైగ చేస్తూనే ఉన్నాడు. ఏదైనా చెప్పొచ్చు. కొత్త హాలు, కడుగుతున్నాం అంటే సరిపోతుంది. మోత తగ్గింది.

"దినం అయిందమ్మా," అన్నాడు యాదగిరి. "మా ఊరి రాజయ్య తాతది. దాచుడెందుకు, అడిగినోళ్ళకు ఇస్తం. పెండ్లికి ఇస్తం, దినానికి గూడ ఇస్తం."

ఆవిడ నేల వైపు చూసింది, కాలువల వైపు చూసింది, పేడ వైపు చూసింది. కొంగు కళ్ళకద్దుకుంది.

"మా ఇంటాయన దినం మేము రోడ్డుకు అడ్డం టెంటు కొట్టి జేసినం. లారీలోళ్ళు హారన్లు కొట్టుకుంట పోతుంటే ఒక్కలు సక్కగ తిన్లే." కొడుకు వైపు తిరిగింది. "వారం సంది హాళ్ళు తిప్పుతున్నవ్. అన్నిట్ల సెంటు వాసనే. ఏం దాస్తున్నరో ఎవరికెరుక? ఈడ కడిగిండ్రు, కండ్లార జూసిన. గోమాత గూడ పెండ్లిపీట జాగ జూపెట్టింది. ఇగ ఈడనే."

తర్వాత బాలమ్మ దగ్గరకు వెళ్ళింది. "ఆవు నీదేనా అక్కా? పెండ్లినాడు పిల్ల అడుగువెట్టక ముందుగాల ఆవు రావాలె. నువ్వే తోల్కరా."

"నేనెట్ల వస్త చెల్లె," అని బాలమ్మ బొట్టు లేని నుదురు చూపించింది.

"నాది గూడ గంతే. మనుమరాలి పెండ్లికి నేను రాకుంట ఉంటనా?"

శేఖర్ అప్పటికి కళ్ళు తెరిచాడు. పేడ ఎత్తడానికి వచ్చిన పనివాణ్ణి ఆపి, "జర సేపు ఉండనియ్," అన్నాడు.

మాఘమాసంలో పెళ్ళి జరిగింది. నన్నూ పిలిచారు. హాలు తలుపులన్నీ తెరిచి, చూరు నుంచి బంతిపూల తోరణాలు వేలాడదీశారు. తూర్పు వాకిలి ముందు బాజాలు మొదలయ్యాయి. కొమ్ములకు పసుపు రాసుకుని గౌరి, దాని పక్కన కొత్త చీర కట్టుకున్న బాలమ్మ, వెనక పెళ్ళికూతురు, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని వాళ్ళ నానమ్మ. బాలమ్మ తల వంచుకుని నడవలేదు. అందర్నీ చూస్తూ, పలకరిస్తూ, తన ఇంట్లోకి తను వస్తున్నట్టు వచ్చింది. నా కట్టడాలకు చాలామంది గొప్పవాళ్ళు రిబ్బన్లు కత్తిరించారు. వాటిలో ఒక్కటీ నాకింత నచ్చలేదు.

ఈ పని నాకు నేర్పింది పెద్ద మాటల్లో చెప్పలేను. ఇప్పుడు ఎవరు హాలు కావాలని వచ్చినా, ఎంతమంది కూర్చోవాలి అని అడగడానికి ముందు, ఎవరికి ఇవ్వకూడదనుకుంటున్నారు అని అడుగుతాను. కొందరు ఇబ్బందిగా కదులుతారు, కొందరికి కోపమొస్తుంది. ఆ జవాబు దొరికితే ప్లానులో సగం దొరికినట్టే. మిగతా సగం కడగడం గురించి ఆలోచిస్తే వస్తుంది.

ఆ పెళ్ళి రోజు భోజనాల్లో నా పక్కనే శేఖర్ కూర్చున్నాడు. బగారా అన్నం కలుపుతుండగా అతని ఫోను మోగింది. హాలు నంబరుకు వచ్చే ఫోన్లు అతనికే వస్తాయి. అవతలి మనిషి ఏదో చెప్పి ఆగాడు. శేఖర్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఎదురుగా వడ్డిస్తున్న యాదగిరి గరిట పట్టుకుని అతని ముఖమే చూస్తూ నిలబడ్డాడు. అతని షరతులోని ఏడాది నిండడానికి ఇంకా చాలా కాలం ఉంది.

"దినానికా అన్నా?" అన్నాడు శేఖర్ మెల్లగా. "ఇస్తం. ఎందుకియ్యం? గాబరా పడకు. వానొచ్చినా పర్వాలేదు, మంది ఎంతొచ్చినా పర్వాలేదు. అమ్మ మంచిగున్నదా? జర తినవెట్టుండ్రి ఆమెకు. అన్నీ మేము జూస్కుంటం."

యాదగిరి గరిట గిన్నెలో పెట్టేసి, అందరి ముందూ, పెళ్ళి భోజనాల మధ్యన, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. ఏడుస్తూనే నవ్వుతున్నాడు. నేనూ ఏడ్చాను. శేఖర్ మా ఇద్దర్నీ చూసి, "పెండ్లిల ఏడుస్తరేంది," అని కసిరి, తనూ కళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం బగారా వడ్డించమన్నాడు.